గుత్తి

ఆల్చిప్పలు ఒలిచే ఫ్యాక్టరీలో
ఏడాదికోసారి మా అందరికీ సూది గుచ్చుతారు.
ఈసారి నా కాగితంలో ఒక అంకె పక్కన
కిందికి చూస్తున్న బాణం.
ప్లేట్‌లెట్లు అరవై ఒక్క వేలు.
లక్షన్నర దాటాలట.
అడుగున చీమల బారంత అచ్చులో
'వైద్యుణ్ని సంప్రదించండి' అని ఉంది.
ఏ వైద్యుణ్నో రాయలేదు.

ఆ రాత్రి కట్టెల పొయ్యి వెలుగులో
ఒళ్లంతా తడుముకున్నాను,
మోకాళ్లూ, మోచేతులూ, చిగుళ్లూ.
తొడ మీద ఒక్క నీలం మచ్చ దొరికింది.
అది బంగాళాదుంపల బస్తా చేసిన పనో
నెత్తురు చేసిన పనో
తొడ చెప్పదు కదా.

కాస్త్రో వెళ్లి డబ్బు కట్టి మళ్లీ చేయించాను.
రెండు లక్షల పన్నెండు వేలు!
తొమ్మిది రోజుల్లో అన్ని మొలవడానికి
ఇవేమైనా వానాకాలపు పుట్టగొడుగులా?

మా ఆయన ఎలుతేరియో తేల్చేశాడు:
మంచి కాగితం దాచుకో,
చెడ్డది పొయ్యిలో వెయ్యి.
రోసెండా పెద్దమ్మ దురదగొండి కషాయం కాచి తెచ్చింది.
తాగాను. ఆమె అంత దూరం వానలో నడిచొచ్చిందని తాగాను.
ఆడపడుచు అంది, పువెర్తో మోంత్‌లో పెద్ద డాక్టరున్నాడు,
చూడ్డానికే సగం చలికాలపు కట్టెల ఖరీదు తీసుకుంటాడు,
అందుకే మంచివాడు.
పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తే
నవంబరులో పిలుస్తామన్నారు.
ఇది జులై.

అందరూ దారి చెప్పేవాళ్లే.
నేను మాత్రం నాలుగు దారుల మధ్య
గొడుగు తిరగబడ్డ మనిషిలా నిలబడ్డాను.

చివరికి మా దీవిలోనే,
చర్చి వెనక రెండు గదుల ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను.
ఇన్నాళ్లూ అది గుర్తుకు రాకపోవడం
నా సిగ్గు.
జ్వరాలకీ టీకాలకీ తప్ప పనికిరాదనుకున్నాను.

నర్సు ఫ్రేసియా కాగితాలు పక్కపక్కన పరిచింది.
అంకెల వైపు చూడనేలేదు, టైముల వైపు చూసింది.
'నీ నెత్తురు ఎక్కడ తీశారు? ఎక్కడ లెక్కపెట్టారు?'
కాస్త్రోలో అక్కడికక్కడే.
ఫ్యాక్టరీది మాత్రం
డబ్బాలో బల్లకట్టెక్కి, బస్సెక్కి, ఇంకో పడవెక్కి
పువెర్తో మోంత్ చేరింది, సాయంత్రానికి.
నేను చూడని ఊళ్లు నా నెత్తురు చూసొచ్చింది.

'కొందరి నెత్తురులో,' అంది, 'ఆ గొట్టంలో ఉన్నకొద్దీ
ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.
యంత్రం గుత్తిని గుత్తిగా చూడలేదు.
అదేనని అనను. అయ్యుండొచ్చు అంటున్నా.'

నవ్వొచ్చింది నాకు.
పద్దెనిమిదేళ్లుగా బెల్టు దగ్గర నా పని అదే.
ఆల్చిప్పలు గడ్డాలతో పెనవేసుకుని వస్తాయి,
కొత్తగా చేరిన పిల్ల గుత్తిని ఒకటని రాస్తుంది,
సాయంత్రం తూకం తేడా వస్తుంది.
విడదీసి చూడమ్మా, కాకిలెక్కలు రాయకు
అని రోజూ అరిచేది నేనే.

ఫ్రేసియా ఉత్తరం రాసిచ్చింది.
కాస్త్రో ఆసుపత్రి ల్యాబుకి, డాక్టరుకి కాదు.
మంగళవారం పొద్దున్నే
ఒర్తెన్సియా అనే ఆవిడ ఉంటుందట,
చుక్క నెత్తురు గాజు పలక మీద పూసి
కళ్లతో చూస్తుంది.
గుత్తులు కనబడకపోతే
రెండో ఉత్తరం, పువెర్తో మోంత్‌కి. అదీ రాసే ఉంచింది.
'ఈలోగా ముక్కు నుంచి నెత్తురు కారి ఆగకపోతే
ఉత్తరాలు పక్కన పడేసి
అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి పో.'

మంగళవారం.
బల్లకట్టు మీద రెండు లారీలు, ఒక గొర్రె, నేను.
కాగితాలు రొట్టెల సంచిలో, తడవకుండా.
ఎలుతేరియో రానన్నాడు, వచ్చాడు,
అవతలి రెయిలింగు దగ్గర నిలబడి
సముద్రాన్ని చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

భయం పోలేదు.
ఎవరిని ఏం అడగాలో తెలిసింది, అంతే.
ముక్కు తుడుచుకుని
చేతిగుడ్డ చూసుకున్నాను.
తెల్లగానే ఉంది.
మళ్లీ చూసుకున్నాను.